విభజన గోడల్లో సాకెట్ బాక్సులు: అగ్ని నిరోధకత

విభజన గోడలో స్విచ్చి గానీ ప్లగ్ పాయింటు గానీ పెట్టాలంటే గోడ ముఖాన రంధ్రం కోసి, అందులో బాక్సు దించి, పైన ప్లేటు బిగిస్తారు. మామూలు గోడకు దీనివల్ల నష్టం లేదు. ఒక ఫ్లాటులో పుట్టిన మంట పక్క ఫ్లాటుకు పాకకుండా ఆపడానికి కట్టిన గోడ అయితే మాత్రం, కోసిన ప్రతి రంధ్రమూ ఆ కట్టడికి పడిన గండి. గోడ మొదట ఎన్ని నిమిషాలు నిప్పును ఆపగలదో, బాక్సులు పెట్టాక కూడా అన్ని నిమిషాలూ ఆపేలా వాటి చుట్టూ, వెనుకా చేసే ఏర్పాట్లన్నీ ఈ అంశం కిందికి వస్తాయి.

ఫ్లాటుకూ ఫ్లాటుకూ మధ్య గోడ, మెట్ల చుట్టూ గోడ, బయటికి దారితీసే కారిడారు గోడ, లిఫ్టు లాబీ, హోటల్ గదుల మధ్య గోడ, ఆసుపత్రి వార్డుల మధ్య గోడ వంటివాటికి సాధారణంగా అగ్ని నిరోధక రేటింగు నిర్దేశిస్తారు. ఒకే ఇంట్లో హాలుకూ పడకగదికీ మధ్య ఉన్న గోడకు చాలా సందర్భాల్లో అలాంటి నిర్దేశం ఉండదు. బాక్సు దగ్గర ప్రత్యేక జాగ్రత్త అవసరమా కాదా అన్నది గోడను బట్టి తేలుతుంది, బాక్సును బట్టి కాదు. అందుకే పని మొదలుపెట్టేముందు ఏ గోడకు ఎంత రేటింగు ఉందో చూపే ప్లాను ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండాలి. ఆ ప్లాను ఆర్కిటెక్టు దగ్గరే ఆగిపోతే తర్వాతి జాగ్రత్తలేవీ అక్కరకు రావు.

జిప్సం గోడ నిప్పును ఆపే తీరు

ఆఫీసుల్లో, హోటళ్లలో, ఆసుపత్రుల్లో ఇప్పుడు విరివిగా కనిపించే విభజన గోడ జిప్సం బోర్డుది. గాల్వనైజ్డ్ రేకును వంచి చేసిన స్టడ్లను వరసగా నిలబెట్టి, రెండు వైపులా బోర్డులను స్క్రూలతో బిగిస్తారు. మధ్యలో బోలు ఉంటుంది. అందులో రాక్‌వూల్ అనే రాతి పీచు నింపవచ్చు, ఖాళీగానూ వదలవచ్చు. అమెరికాలో ఆగస్టీన్ శాకెట్ 1894లో పేటెంటు పొందిన ప్లాస్టర్ బోర్డు ఈ రకం బోర్డులకు తొలిరూపం.

జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. దాని స్ఫటికంలో నీరు కలిసి ఉంటుంది. శుద్ధమైన జిప్సం బరువులో దాదాపు 21 శాతం ఈ నీరే. 12.5 మి.మీ. మందం బోర్డు తీసుకుంటే చదరపు మీటరుకు లీటరున్నరకు పైగా నీరు దాగి ఉంటుంది. మంట తగిలినప్పుడు ఆ నీరు స్ఫటికం నుంచి విడివడి ఆవిరి కావాలి. అందుకు చాలా వేడి ఖర్చవుతుంది. నీరంతా పోయేదాకా బోర్డు వెనుక ముఖం 100 డిగ్రీల సెంటీగ్రేడు చుట్టుపక్కలే ఉండిపోతుంది. తర్వాత బోర్డు కుంచించుకుపోయి, బీటలిచ్చి, ముక్కలుగా రాలుతుంది. గాజు పీచు కలిపిన బోర్డులు ఆ దశలో ఇంకొంతసేపు ఊడకుండా నిలుస్తాయి. అమెరికాలో టైప్ ఎక్స్ అనే రకం ఇలాంటిదే. 15.9 మి.మీ. టైప్ ఎక్స్ బోర్డు స్టీలు స్టడ్లకు రెండు వైపులా ఒక్కొక్క పొర వేస్తే గంట రేటింగు, రెండేసి పొరలు వేస్తే రెండు గంటల రేటింగు వచ్చే గోడలు అక్కడ సర్వసాధారణం.

ఈ గోడ నిప్పును రెండు అంచెలుగా ఆపుతుంది. మంట వైపు బోర్డు తట్టుకున్నంతసేపు వెనుక బోర్డుకు పెద్దగా వేడి తగలదు. మొదటిది రాలిపోయాకే రెండోదాని మీద అసలు భారం పడుతుంది. గోడకు వచ్చిన గంట రేటింగు ఈ రెండు అంచెల కాలమూ కలిసి వచ్చినది. మొదటి బోర్డులో రంధ్రం ఉంటే ఆ చోట మొదటి అంచె లేనట్టే. వేడి వాయువులు మొదటి నిమిషాల నుంచే బోలులోకి చొరబడి, రెండో బోర్డు లోపలి ముఖాన్ని కాల్చడం మొదలుపెడతాయి. బోర్డు ఎంత మంచిదైనా బాక్సు ఉన్న చోట గోడ త్వరగా ఓడిపోవడానికి కారణం ఇదే. కింద చెప్పిన నియమాలన్నీ, అమ్మకంలో ఉన్న ఉత్పత్తులన్నీ ఈ బోలును కాపాడటానికి ఉద్దేశించినవే.

రేటింగును నిర్ణయించే పరీక్ష

గోడ నమూనాను పెద్ద కొలిమికి ఒక వైపు తలుపులా బిగించి, లోపలి వేడిని ముందే నిర్ణయించిన రేఖ ప్రకారం పెంచుతారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 834 ప్రకారం కొలిమి వేడి 5 నిమిషాలకు 576 డిగ్రీలు, అరగంటకు 842, గంటకు 945, రెండు గంటలకు 1049 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరాలి. ఐరోపా ప్రమాణాలు ఈ రేఖనే వాడతాయి. అమెరికాలో ఏఎస్‌టీఎం ఈ119 అనే ప్రమాణానిది కొద్దిగా వేరే రేఖ. భారతదేశంలో ఈ పరీక్షకు ఐఎస్ 3809 ఉంది.

గోడ నెగ్గిందా లేదా అన్నది ముఖ్యంగా రెండు విషయాలు చెబుతాయి. ఒకటి పటుత్వం: మంట గానీ వేడి వాయువులు గానీ బయటి వైపుకు రాకూడదు. బీటల దగ్గర దూది పట్టి చూస్తారు, అది అంటుకుంటే గోడ ఓడినట్టే. రెండోది ఉష్ణ నిరోధం: బయటి ముఖం వేడి మొదట ఉన్నదానికన్నా సగటున 140 డిగ్రీలు, ఏ ఒక్క బిందువు దగ్గరైనా 180 డిగ్రీలు మించి పెరగకూడదు. ఈ రెండో షరతే బాక్సులకు గట్టి పరీక్ష. మంట బయటికి రాకపోయినా, స్టీలు బాక్సు వేడిని మోసుకొచ్చి బయటి ప్లేటును కాగేలా చేస్తే, దానికి ఆనుకున్న పరుపో తెరో అంటుకోవచ్చు. ఐరోపాలో ఈ రెండు షరతులనూ గంటసేపు తట్టుకున్న గోడను ఈఐ 60 అని పిలుస్తారు.

పరీక్షలో ఒత్తిడికీ పాత్ర ఉంది, దీన్ని చాలామంది గమనించరు. మండుతున్న గదిలో పై భాగాన వాయువులు బయటికి తోసుకొస్తాయి, నేలకు దగ్గరలో బయటి గాలి లోపలికి చొరబడుతుంది. ఐరోపా పరీక్షలో నేలకు 500 మి.మీ. ఎత్తున ఒత్తిడి సున్నాగా ఉంచి, అక్కడి నుంచి మీటరుకు దాదాపు 8.5 పాస్కళ్ల చొప్పున పెరిగేలా చూస్తారు. కాబట్టి నేలకు 300 మి.మీ. ఎత్తున ఉన్న ప్లగ్ పాయింటు కన్నా మనిషి చేతికందే ఎత్తున ఉన్న స్విచ్చిబోర్డు మీదే వేడి వాయువుల ఒత్తిడి ఎక్కువ. కింద ఉన్న బాక్సు పరీక్షలో నెగ్గిందని పై బాక్సూ నెగ్గుతుందనుకోవడం తప్పు.

బాక్సు గురించి మాట్లాడేటప్పుడు ఇంకో తేడా తెలియాలి. కేబుల్ ట్రే లాంటిది గోడను ఇటు నుంచి అటు పూర్తిగా చీల్చుకుని పోతుంది. సాకెట్ బాక్సు ఒక వైపు బోర్డును మాత్రమే తొలిచి బోలులో ఆగిపోతుంది. మొదటిదాని ప్రమాదం అందరికీ కంటికి కనబడుతుంది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో 1975 మార్చి 22న కేబుళ్లు గోడను దాటే చోట గాలి కారుతోందేమోనని కొవ్వొత్తి మంట పట్టి చూస్తుండగా, అక్కడ నింపిన పాలీయురెథేన్ ఫోమ్ అంటుకుంది. 1,600కు పైగా కేబుళ్లు పాడయ్యాయి. గోడలు దాటే చోట్ల వాడే సీలింగులను విడిగా పరీక్షించే ఏఎస్‌టీఎం ఈ814 ప్రమాణం 1981లో వెలువడింది. సాకెట్ బాక్సుల సమస్యకు అలాంటి పెద్ద ఉదంతమేదీ ముడిపడి లేదు, అది చడీచప్పుడూ లేని సమస్య. ఒక్కో గోడలో పదుల సంఖ్యలో ఉండే బాక్సులు ఒక్క కేబుల్ ట్రే కన్నా తక్కువ శ్రద్ధకు నోచుకుంటాయి.

బాక్సు చుట్టూ జరిగే నష్టం

మంట తగలగానే ముందుగా పోయేది పై ప్లేటు. పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్ ప్లేటు మెత్తబడి జారిపోతే బాక్సు నోరు తెరుచుకుంటుంది. బాక్సు పీవీసీది అయితే 80 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది కనుక ఎక్కువసేపు నిలవదు. అది కరిగాక మిగిలేది బోర్డులో కోసిన పూర్తి రంధ్రమే. స్టీలు బాక్సు కరగదు. కానీ దాని వెనుకా పక్కలా పైపు కోసం వదిలిన నాకౌట్ రంధ్రాలు ఉంటాయి. పైపు బిగించని రంధ్రం తెరిచి ఉంటే వేడి వాయువులకు అదే దారి. అదీకాక స్టీలు వేడిని వేగంగా వెనక్కి చేరవేస్తుంది.

బాక్సు అంచుకూ బోర్డుకూ మధ్య సందు మరో లోపం. రంధ్రాన్ని రంపంతో గబగబా కోస్తే సందు సెంటీమీటరు దాకా ఉండిపోవచ్చు. పైన ప్లేటు పడ్డాక అది కనబడదు. కండ్యూట్ పైపు మూడో దారి. ఒక గదిలోని బాక్సు నుంచి పక్క గదిలోని బాక్సుకు పైపు ఉంటే, మంట రాకముందే పొగ ఆ పైపులోంచి నడిచి పోతుంది. నిద్రలో ఉన్న మనిషికి వేడి కన్నా పొగే ముందు ముప్పు. కాబట్టి పైపు నోళ్లు మూయడాన్ని చిన్న విషయంగా చూడకూడదు.

స్టడ్లు కలపవైతే నష్టం ఇంకా పెరుగుతుంది. ఐరోపా డిజైను ప్రమాణాలు మెత్తకలప నిప్పులో నిమిషానికి 0.65 మి.మీ. చొప్పున బొగ్గవుతుందని లెక్క కడతాయి. బోలులోకి ముందుగా వేడి చేరితే ఆ లెక్క కూడా ముందుగానే మొదలై స్టడ్డు సన్నబడుతుంది, స్క్రూల పట్టు పోయి బోర్డు త్వరగా ఊడుతుంది.

ఇక్కడ తరచూ జరిగే ఒక పొరపాటు చెప్పుకోవాలి. బాక్సుల, ప్లేట్ల ప్లాస్టిక్‌కు గ్లో వైర్ పరీక్ష ఉంటుంది. ఎర్రగా కాల్చిన తీగను 650 లేదా 850 డిగ్రీల దగ్గర ఆనించి, ప్లాస్టిక్ అంటుకుని మండుతూ పోకుండా ఆరిపోతుందా అని చూస్తారు. వదులైన కనెక్షను వల్ల బాక్సు లోపల పుట్టే నిప్పుకు సంబంధించిన పరీక్ష అది. పెట్టె మీద 850 డిగ్రీలు అని అచ్చువేసి ఉంటే గోడకు గంట రేటింగు వచ్చినట్టు కాదు. గోడ రేటింగు కోసం బాక్సుతో సహా గోడనే పరీక్షించి ఉండాలి.

ఎదురెదురు బాక్సులు

ఒకే గోడకు రెండు వైపులా ఒకే చోట బాక్సులు వీపు వీపు తగిలేలా పడితే గోడ రెండు అంచెలూ అక్కడ ఒకేసారి పోతాయి. అటు గదికీ ఇటు గదికీ మధ్య మిగిలేవి రెండు పై ప్లేట్లు, రెండు పలచని బాక్సు అడుగులు మాత్రమే. ఒంటరి బాక్సు గోడ కాలాన్ని తగ్గిస్తుంది. ఎదురెదురు బాక్సులు మాత్రం ఆ చోట గోడ అనేదాన్నే లేకుండా చేస్తాయి.

ఇది అరుదుగా జరిగే ఏమరుపాటు కాదు. హోటళ్లలో పక్కపక్క గదుల ప్లానులు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. రెండు మంచాల తలాపులూ ఒకే గోడకు చేరతాయి, మంచం పక్క సాకెట్లు రెండు వైపులా సరిగ్గా ఒకే కొలత దగ్గర పడతాయి. అపార్టుమెంట్లలో టీవీ గోడలకు, ఆసుపత్రుల్లో పడకల తలాపు ప్యానెళ్లకు కూడా ఇదే పరిస్థితి. ఒక వైపు నుంచి వచ్చిన వైరు అట్నుంచటే రెండో వైపుకు అందుతుంది కనుక ఎలక్ట్రీషియన్‌కూ ఇదే సులువు. కాబట్టి ఈ లోపాన్ని గోడ దగ్గర కాక డ్రాయింగు బల్ల దగ్గరే దిద్దాలి. సాకెట్లను మధ్యలో కనీసం ఒక స్టడ్డు వచ్చేలా పక్కకు జరిపితే పైసా ఖర్చు లేకుండా సమస్యలో పెద్ద భాగం తీరుతుంది.

స్టడ్డు మధ్యలో ఉన్నంత మాత్రాన బోలులు విడివడ్డాయని అనుకోరాదు. స్టీలు స్టడ్లకు పైపులు దూర్చడానికి ముందే రంధ్రాలు కొట్టి ఉంటాయి. ఆ రంధ్రాల గుండా ఒక గడిలోని వేడి పక్క గడికి చేరుతుంది.

దేశదేశాల నియమాలు

ఈ విషయంలో అత్యంత వివరమైన లెక్కలు అమెరికా నియమావళిలో ఉన్నాయి. ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం రెండు గంటలకు మించని రేటింగు గోడల్లో ఒక్కొక్కటి 16 చదరపు అంగుళాలకు మించని స్టీలు బాక్సులను ప్రత్యేక రక్షణ లేకుండా పెట్టవచ్చు. 16 చదరపు అంగుళాలంటే సుమారు 10,300 చదరపు మి.మీ. అక్కడ వాడుకలో ఉన్న నాలుగంగుళాల చదరపు బాక్సు సరిగ్గా ఈ కొలతకు సరిపోతుంది. అయితే గోడలో ప్రతి 100 చదరపు అడుగులకూ రంధ్రాల మొత్తం 100 చదరపు అంగుళాలు దాటకూడదు, అంటే అలాంటివి ఆరు బాక్సులు. బోర్డుకూ బాక్సుకూ మధ్య సందు 3.2 మి.మీ. మించకూడదు. అమెరికా జాతీయ విద్యుత్ కోడ్ కూడా సందు 3 మి.మీ. దాటితే పూడ్చాలని, మండని గోడల్లో బాక్సు అంచు గోడ ముఖం కన్నా 6 మి.మీ. మించి లోపలికి ఉండకూడదని చెబుతుంది.

ఎదురు వైపుల బాక్సులకు ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ అనేక దారులు ఇచ్చింది. స్టడ్ల మధ్య గడులు ఒకదానితో ఒకటి కలవని గోడలో బాక్సుల మధ్య అడ్డంగా 24 అంగుళాల దూరం ఉంటే చాలు. స్టడ్లను అంతకన్నా దూరంగా పెట్టడం అరుదు కనుక ఈ దూరం మధ్యలో ఒక స్టడ్డు తప్పక పడేలా చేస్తుంది. బోలును రాక్‌వూల్ లేదా సెల్యులోజ్ పీచుతో నింపితే ఆ బోలు లోతుకు సమానమైన దూరం సరిపోతుంది. లేదంటే మధ్యలో నిప్పు ఆగే అడ్డు కట్టవచ్చు, లేదా రెండు బాక్సులకూ పరీక్షించిన పుట్టీ ప్యాడ్లు తొడగవచ్చు. ప్లాస్టిక్ బాక్సులనైతే ఫలానా రకం గోడలో పరీక్షించి జాబితాకెక్కినవాటినే, ఆ జాబితాలోని షరతుల మేరకే వాడాలి.

బ్రిటన్ ఇలా అంగుళాలు లెక్కపెట్టే పద్ధతికి పోదు. వైరింగు గోడను దాటే చోట గోడకు మొదట ఉన్న నిరోధకతను తిరిగి సాధించాలని బీఎస్ 7671 విద్యుత్ ప్రమాణం ఆదేశిస్తుంది. ఎలా సాధించాలో గోడ తయారీదారు పరీక్ష వివరాలు చెప్పాలి. విశేషమేమిటంటే ధ్వనికి సంబంధించిన అక్కడి నిర్మాణ మార్గదర్శకం కూడా ఇదే దారిలో నడుస్తుంది. ఫ్రేము గోడల్లో సాకెట్లను వీపు వీపు తగిలేలా పెట్టవద్దని, అంచుకూ అంచుకూ మధ్య 150 మి.మీ. ఎడం ఉంచమని, బాక్సు వెనుక గోడ పొరకు దీటైన మందంతో బోర్డు వేయమని సూచిస్తుంది. పక్కింటి మాటలు వినబడే రంధ్రం నిప్పుకూ దారే.

జర్మనీలో బోలు గోడల బాక్సులు గుండ్రంగా, 68 మి.మీ. రంధ్రంలో ఇమిడేలా ఉంటాయి. పై ప్లేటు పోయినా కోసిన బోర్డు తక్కువ కాబట్టి ఇది కొంత మేలు. అక్కడి డీఐఎన్ 4102 ప్రమాణం గదులను వేరుచేసే గోడల్లో బాక్సులను నేరుగా ఎదురెదురుగా పెట్టడాన్ని నిషేధిస్తుంది. బాక్సు గోడలోనే వేడికి ఉబ్బే పదార్థం కలిపి, అలా ఎదురెదురుగా పెట్టడానికి కూడా పరీక్షించిన బాక్సులు అక్కడ దొరుకుతాయి.

భారతదేశంలో అగ్ని భద్రతకు జాతీయ నిర్మాణ నియమావళి 2016లోని నాలుగో భాగం ఆధారం. విద్యుత్ కేబుళ్ల షాఫ్టును ప్రతి అంతస్తు దగ్గరా ఆ అంతస్తుకు ఉన్నంత నిరోధకతతో మూసివేయాలని అది స్పష్టంగా చెబుతుంది. అలాంటి మూతల పరీక్షకు ఐఎస్ 12458 ఉంది. బాక్సుల తయారీకి ఐఎస్ 5133, ఐఎస్ 14772 వర్తిస్తాయి, అయితే అవి బాక్సు గట్టిదనానికి, విద్యుత్ భద్రతకు సంబంధించినవి. అమెరికా లెక్కలను ఇక్కడ యథాతథంగా దించుకోవడం కుదరదు. మన దగ్గర ఒకే ప్లేటు కింద స్విచ్చిలు, సాకెట్లు, ఫ్యాను రెగ్యులేటరు అన్నీ పెట్టే మాడ్యులర్ పద్ధతి ఉంది. 8, 12 మాడ్యూళ్ల బాక్సుల వైశాల్యం 16 చదరపు అంగుళాలను దాటిపోతుంది. హైదరాబాదు ఐటీ ఆఫీసుల్లో ఉన్నటువంటి జిప్సం గోడల్లో ఇవి పెడితే ఒక్కో బాక్సునూ విడిగా రక్షించాల్సిందే. రేటింగు ఉన్న గోడ మీద పెద్ద బోర్డులు పెట్టకుండా, రేటింగు లేని పక్క గోడకు మార్చడం అంతకన్నా మేలైన ఉపాయం.

రక్షణ సాధనాలు

పుట్టీ ప్యాడ్ ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్నది. మూడు నాలుగు మి.మీ. మందాన, ఎప్పటికీ ఎండిపోని మెత్తటి పలక ఇది. దీన్ని బోలు వైపు నుంచి బాక్సు వెనుకకూ నాలుగు పక్కలకూ చుట్టి, పైపు చేరే చోట కూడా నొక్కి, అంచులను బోర్డుకూ స్టడ్డుకూ అతికిస్తారు. ఇందులో తరచుగా ఉబ్బే గ్రాఫైటు ఉంటుంది. ఆ గ్రాఫైటు పొరల మధ్య ఇరికించిన రసాయనం దాదాపు 200 డిగ్రీల వేడికి ఆవిరై పొరలను విప్పుతుంది. పలక అనేక రెట్లు ఉబ్బి, వేడిని పెద్దగా సాగనీయని బొగ్గులాంటి ముద్దగా మారి, కరిగిన ప్లాస్టిక్ వదిలిన చోటును కూడా నింపుతుంది. ఇది గాలి చొరకుండా కూడా మూస్తుంది కాబట్టి శబ్దమూ తగ్గుతుంది.

ప్యాడ్‌తో వచ్చే చిక్కు, దాన్ని రెండో వైపు బోర్డు మూయకముందే పెట్టాలి. అందుకని గోడ పూర్తయిన తర్వాత గుర్తొస్తే బాక్సు లోపల అడుగున అతికించే ఉబ్బే ఇన్సర్టులు వాడతారు. ఇవి ప్రత్యేకంగా అందుకోసం పరీక్షించినవై ఉండాలి, బాక్సులో వైర్లకు చాలినంత చోటు మిగలాలి. బయట చుట్టడానికి చేసిన ప్యాడ్‌ను ముక్క కోసి లోపల అతికించడం పరిష్కారం కాదు.

ఏ ఉత్పత్తీ దొరకని చోట జిప్సం బోర్డుతోనే పని జరుగుతుంది. బాక్సు వెనుక, రెండు స్టడ్ల మధ్య, గోడకు ఎన్ని పొరలున్నాయో అన్ని పొరల బోర్డుతో చిన్న గూడు కట్టి, కీళ్లను జాయింట్ కాంపౌండుతో మూస్తారు. దీంతో రంధ్రం వెనుక కొత్త గోడ నిలిచినట్టే. శ్రమ ఎక్కువ, చోటు కావాలి. అయినా జిప్సం నమ్మకమైన పదార్థం, దాని ప్రవర్తన అందరికీ తెలిసిందే. రాక్‌వూల్ కూడా ఇలాగే పనికొస్తుంది. రాయి కరిగించి తీసిన ఆ పీచు 1000 డిగ్రీల దాకా కరగదు. గ్లాస్‌వూల్ అంతకన్నా చాలా తక్కువ వేడికే కుంగిపోతుంది, కనుక ఒకదాని బదులు మరొకటి వేయకూడదు. బాక్సు పెట్టేటప్పుడు అడ్డొచ్చిన రాక్‌వూల్‌ను పీకి పారేసే అలవాటు పని స్థలాల్లో కనిపిస్తుంది. దాన్ని వెనక్కి నొక్కి అక్కడే ఉంచాలి.

బాక్సు చుట్టూ సందు చిన్నదైతే జాయింట్ కాంపౌండు చాలు, పెద్దదైతే ఉబ్బే అక్రిలిక్ సీలెంట్ వాడాలి. డబ్బాలో దొరికే మామూలు పీయూ ఫోమ్ నింపితే సందు పూడినట్టు కనిపిస్తుంది, కానీ ఆ ఫోమ్ మండుతుంది. అగ్ని నిరోధకమని అమ్మే ఫోములు కూడా ఏ రకం సందులో పరీక్షించారో ఆ రకం సందుకే పనికొస్తాయి. పైపు నోళ్లను బాక్సు లోపలే పుట్టీతో మూయాలి.

వీటన్నిటికన్నా సులువైనది గోడను తొలవకపోవడం. బాక్సును గోడ ముఖం మీదే బిగించి, వైరును కేసింగ్‌లో నడిపితే గోడకు పడేది స్క్రూ రంధ్రాలే, మహా అయితే వైరు దూరేంత చిల్లు. కన్సీల్డ్ వైరింగు అందానికి అలవాటుపడిన కళ్లకు ఇది నచ్చకపోవచ్చు. కానీ స్టోరు గదులు, ప్యానెల్ గదులు, మెట్ల దారి గోడల్లో దీన్నే మొదటి ఎంపికగా చూడటం సబబు.

ఇటుక, బ్లాకు గోడలు

తెలుగు ప్రాంతాల ఇళ్లలో విభజన గోడ ఎక్కువగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడో, ఏఏసీ బ్లాకుల గోడో. నిండు గోడలో బోలు ఉండదు కనుక ఒక వైపు బాక్సు వల్ల పెద్ద ప్రమాదం లేదు. వెనుక మిగిలిన ఇటుక మందం గోడలా పనిచేస్తుంది. అయితే రెండు వైపులా గాడి కొట్టి 50 మి.మీ. లోతు మెటల్ బాక్సులు ఒకే చోట దించితే మధ్యలో మిగిలేది పలచని పెచ్చు. సుత్తి దెబ్బలకు అది కూడా ఊడి, రెండు బాక్సులూ ఒకే రంధ్రంలో కూర్చుంటాయి. అలాంటి చోట ఒకదాన్ని కనీసం ఒక ఇటుక దూరం జరిపి, పాత గుంటను సిమెంటు మోర్టారుతో నిండుగా పూడ్చాలి. పై పూత ఒక్కటే పూసి లోపల ఖాళీ వదిలితే ప్రయోజనం లేదు. బోలు కాంక్రీటు బ్లాకుల్లో సంగతి జిప్సం గోడ లాంటిదే. బ్లాకు పెంకు పగిలితే లోపలి గూడు తెరుచుకుంటుంది, దాన్ని మోర్టారుతో నింపాకే బాక్సు పెట్టాలి.

తనిఖీ, తర్వాతి మార్పులు

బోర్డు పని ఒకరిది, వైరింగు మరొకరిది, సీలింగు ఇంకొకరిది. ముగ్గురి మధ్య బాక్సు వెనుక భాగం ఎవరి బాధ్యతో తేలకుండా మిగిలిపోతుంది. కాంట్రాక్టులోనే దాన్ని ఒకరికి అప్పగించడం, రెండో వైపు బోర్డు మూసే ముందు తప్పనిసరి తనిఖీ పెట్టడం మంచి పద్ధతి. ప్యాడ్ అంచులు అతుక్కున్నాయా, వాడని నాకౌట్లు మూసి ఉన్నాయా, ఎదురు వైపు బాక్సు ఎక్కడుంది, రాక్‌వూల్ నిలిచి ఉందా అన్నవి అప్పుడే కళ్లకు కనిపిస్తాయి. ఒక్కో గోడకు కొలతతో సహా ఫొటో తీసి భవనం ఫైలులో ఉంచితే, వాడిన ప్యాడ్ పేరు, దాని పరీక్ష నివేదిక, గోడ రకం కూడా దానితోనే జతపడతాయి. గోడ మూశాక ప్లేటు విప్పి చూస్తే తెలిసేది కొద్దిగానే.

భవనం వాడుకలోకి వచ్చాక జరిగే మార్పుల్లో ఎక్కువ నష్టం జరుగుతుంది. కొత్త అద్దెదారు టేబుళ్లు మార్చి సాకెట్లు జరిపిస్తాడు, ఏసీ పాయింటు కావాలంటాడు, నెట్‌వర్క్ బాక్సులు అడుగుతాడు. డేటా, టీవీ, టెలిఫోను బాక్సుల్లో ప్రమాదకరమైన కరెంటు లేకపోయినా, గోడకు అవి చేసే రంధ్రం సాకెట్ బాక్సు చేసేదే. కాబట్టి వాటికీ అవే నియమాలు. వదిలేసిన పాత బాక్సును ఖాళీ ప్లాస్టిక్ ప్లేటుతో మూయడం సరిపోదు. బాక్సు తీసేసి, రంధ్రాన్ని చక్కగా నలుచదరంగా కోసి, వెనుక ఆధారపు పట్టీ బిగించి, గోడకు ఉన్నన్ని పొరల బోర్డు ముక్కలు వేసి, కీళ్లను టేపుతోనూ కాంపౌండుతోనూ మూయాలి. రెండు పొరల గోడలో పై ముక్కను లోపలి ముక్క కన్నా పెద్దదిగా కోస్తే రెండు కీళ్లూ ఒకే గీత మీద పడవు.